సంక్రాంతి ఖర్చు: పొదుపు ఎక్కడ ఆగాలి, దానం ఎక్కడ మొదలవ్వాలి?



డిసెంబర్ చివరి వారం నుంచి కనుమ వరకు మన ఇళ్ళల్లో డబ్బు గురించి జరిగే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఇయర్ ఎండ్ సేల్ మెసేజ్‌లు, ఆఫీసులో సీక్రెట్ శాంటా గిఫ్టులు అయిపోతాయి. వెంటనే ఊరికి టికెట్లు, బట్టలు, పిండివంటలు, అక్కాచెల్లెళ్ళకి పెట్టాల్సినవి మొదలవుతాయి. "ఇంత ఖర్చు అవసరమా?" అని నాన్న అంటారు. "ఏడాదికోసారి వచ్చే పండక్కి కూడా లెక్కలేనా?" అని ఇంట్లో ఇంకొకరు అంటారు. "మీ బట్టల సంగతి తర్వాత, పిన్ని వాళ్ళకి ఈ ఏడు పంట పోయింది, ముందు వాళ్ళకేమైనా పంపండి" అని అమ్మ అంటుంది.

ముగ్గురూ చెప్పేది మంచే. నాన్నది పొదుపు, ఇంకొకరిది పండగ సంతోషం, అమ్మది దానబుద్ధి. అయినా చాలా ఇళ్ళల్లో ఈ మూడూ కలిసేసరికి గొడవ అవుతుంది. పండగ రోజు ఎవరో ఒకరు మొహం ముడుచుకుని కూర్చుంటారు. ఇది ఎందుకు జరుగుతుంది, మన గ్రంథాలు దీనికి ఏం దారి చూపించాయి అన్నదే ఈ వారం పాఠం.

మితవ్యయం, లోభం ఒకటి కాదు

ముందు మాటలు సరిగ్గా పెట్టుకుందాం. అవసరానికి తగినంతే ఖర్చు పెట్టడం మితవ్యయం. పెట్టాల్సిన చోట కూడా చెయ్యి రాకపోవడం లోభం. లోభం అరిషడ్వర్గాల్లో ఒకటి. గీత 16వ అధ్యాయం 21వ శ్లోకంలో కామం, క్రోధం, లోభం ఈ మూడింటినీ నరకానికి ద్వారాలుగా కృష్ణుడు చెప్పాడు. లెక్కాపత్రం లేకుండా ఖర్చు పెట్టడం దుబారా.

ఇక్కడ చిక్కు ఏంటంటే, మితవ్యయం, లోభం రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. ఒకాయన ఈ పండక్కి కొత్త చొక్కా కొనుక్కోలేదు అనుకోండి. అది వైరాగ్యమా, పిసినారితనమా? చొక్కాని చూసి చెప్పలేం. ఆయన ఎవరి ఖర్చు తగ్గిస్తున్నాడు అని చూస్తే మాత్రం కొంచెం తెలుస్తుంది. ఈ విషయం బాగా అర్థమవ్వడానికి మహాభారతంలో ఒక కథ ఉంది.

ముంగిస చెప్పిన కథ

ఆశ్వమేధిక పర్వం చివర్లో వస్తుంది ఇది. యుద్ధం అయిపోయింది. ధర్మరాజు అశ్వమేధ యాగం చేశాడు. దానాలు, భోజనాలు చూసి అందరూ ఆహా ఓహో అంటున్నారు. అప్పుడు ఒక ముంగిస వచ్చింది. దాని ఒంట్లో సగం బంగారం. మనిషి గొంతుతో అది అన్న మాట విని సభ మొత్తం ఆశ్చర్యపోయింది. కురుక్షేత్రంలో ఒక పేద బ్రాహ్మణుడు దానం చేసిన కాస్త పిండికి ఈ యాగం సాటి రాదని అంది.

ఎవరా బ్రాహ్మణుడు? కోతలయ్యాక పొలంలో రాలిన గింజలు ఏరుకుని బతికే మనిషి. దాన్నే ఉంఛవృత్తి అంటారు. ఇంట్లో భార్య, కొడుకు, కోడలు. కరువు వచ్చింది. రోజులకి రోజులు పస్తులు. ఒకరోజు ఎలాగో కొంచెం యవలు దొరికాయి. వాటిని వేయించి పిండి చేసుకున్నారు. తొలి ఏకాదశికి మనం తినే పేలపిండి లాంటిదే అనుకోండి. జపం, హోమం అయ్యాక ఆ పిండిని నాలుగు భాగాలు చేసుకుని తినడానికి కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే గుమ్మంలోకి ఒక అతిథి వచ్చాడు.

బ్రాహ్మణుడు ఆయనకి కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, తన వాటా పెట్టాడు. ఆయన ఆకలి తీరలేదు. భార్య "నా వాటా ఇవ్వండి" అంది. బ్రాహ్మణుడు ఒప్పుకోలేదు. ఎముకలు బయటపడి, నీరసంతో వణుకుతున్న భార్యని చూశాడు. పురుగులూ జంతువులూ కూడా తమ జంటని పోషించుకుంటాయి, నీ నోటి దగ్గరిది నేనెలా తీసుకోను అని బాధపడ్డాడు. ధర్మంలో ఇద్దరికీ భాగం ఉందని ఆవిడే నచ్చజెప్పింది. తర్వాత కొడుకు, ఆ తర్వాత కోడలు. కోడలి వాటా తీసుకోవడానికి కూడా ఆయన చాలా వెనకాడాడు. చివరికి నాలుగు వాటాలూ తిన్నాక ఆ అతిథికి తృప్తి కలిగింది. వచ్చింది సాక్షాత్తూ ధర్మదేవత. ఆ కుటుంబం మొత్తం దివ్యలోకాలకి వెళ్ళింది.

వాళ్ళు వెళ్ళాక కన్నంలోంచి వచ్చిన ముంగిసకి ఆ నీళ్ళూ, మిగిలిన పిండీ తగిలి తల, సగం ఒళ్ళు బంగారం అయ్యాయి. మిగతా సగం కోసం యాగాలన్నీ తిరుగుతోంది. ధర్మరాజు యాగంలో కూడా అది బంగారం కాలేదు.

మనం సాధారణంగా గమనించని మూడు విషయాలు

ఈ కథ విన్నప్పుడు "ఎంత ఇచ్చామన్నది కాదు, ఎలా ఇచ్చామన్నది ముఖ్యం" అని చెప్పుకుని ఆగిపోతాం. అది నిజమే. కానీ కుటుంబం సంగతి మాట్లాడుతున్నాం కాబట్టి ఇంకొంచెం దగ్గరగా చూద్దాం.

ఒకటి. అతిథి రాకముందే పిండి నాలుగు భాగాలు అయింది. అంటే ఇంట్లో ప్రతి ఒక్కరికీ "ఇది నాది" అనుకునే వాటా ఉంది. అందుకే నలుగురూ దానం చెయ్యగలిగారు. మన ఇళ్ళల్లో చూడండి. ఎవరినీ అడగకుండా ఓ వెయ్యి రూపాయలు ఖర్చు పెట్టుకునే వీలు అమ్మకి ఉందా? ఆవిడ దగ్గర సొంత వాటా లేకపోతే ఆవిడ దానబుద్ధి ఎప్పుడూ ఇంకొకరిని బతిమాలడంగానే మిగిలిపోతుంది. "పిన్నికి పంపరా" అని కొడుకుని మూడుసార్లు అడగాల్సి వస్తుంది.

రెండు. ఎవరి వాటా వాళ్ళే ఇచ్చారు. ఇంటి పెద్ద కాబట్టి నాలుగు వాటాలూ తీసి అతిథి ముందు పెట్టే అధికారం తనకుందని ఆ బ్రాహ్మణుడు అనుకోలేదు. వాళ్ళంతట వాళ్ళు ఇస్తానన్నా తీసుకోవడానికి వెనకాడాడు. భార్య ట్రిప్ కోసం దాచుకున్న డబ్బు తీసి తన పేరు మీద అన్నదానానికి రాయించే భర్త చేసేది ఈ దానం కాదు.

మూడు. తగ్గించుకోవడం కూడా తన దగ్గరే మొదలైంది. ముందు తన కడుపు మాడ్చుకున్నాడు. "సింపుల్‌గా బతకాలి" అనే పాఠం అవతలి వాళ్ళకి చెప్పి, తనకి మాత్రం కొత్త ఫోన్ కొనుక్కోలేదు. ఈ వారం గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే: పొదుపు మన మీద మనం చేసుకుంటే తపస్సు. ఇంకొకరి మీద రుద్దితే లోభం అవ్వడానికి ఎంతో దూరం లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ కథ విని పిల్లల స్కూల్ ఫీజు తీసి దానం చెయ్యమని అర్థం కాదు. సొంత మనుషులు కష్టంలో ఉంటే వదిలేసి బయటివాళ్ళకి దానం చేసేవాడిది పైకి తేనెలా కనిపించే విషమని, అది ధర్మంలా కనిపిస్తుంది కానీ ధర్మం కాదని మనుస్మృతి 11వ అధ్యాయంలో ఉంది.

శుక్రాచార్యుల ఐదు వాటాలు

మరి ఎంత ఎవరికి? దీనికి భాగవతం అష్టమ స్కంధంలో ఒక లెక్క దొరుకుతుంది. వామనుడు మూడడుగులు అడిగినప్పుడు శుక్రాచార్యులు బలి చక్రవర్తిని ఆపుతూ చెప్పిన మాట అది. సంపదని ఐదు రకాలుగా పంచుకున్నవాడు ఈ లోకంలోనూ పై లోకంలోనూ సుఖపడతాడన్నాడు. ఆ ఐదు: ధర్మం, యశస్సు, అర్థం, కామం, స్వజనం. సమానంగా పంచమని అక్కడ లేదు. ఐదింటినీ మర్చిపోవద్దు అన్నదే ముఖ్యం.

ఒక ఉదాహరణ చూద్దాం. హైదరాబాద్‌లో ఇద్దరూ ఉద్యోగం చేసే ఒక చిన్న కుటుంబం ఈ పండక్కి 50,000 రూపాయలు అనుకుంది.

ధర్మం: 8,000. అన్నదానం, ఒకరి చదువుకి సాయం, ఎవరికీ చెప్పని గుప్తదానం.
యశస్సు: 5,000. ఊరి గుడికి చందా, నలుగురిలో పెట్టే చదివింపులు.
అర్థం: 10,000. ఇది ముట్టుకోరు. వచ్చే ఏడాది పండక్కి ఇప్పుడే పక్కన పెడతారు.
కామం: 12,000. బట్టలు, పిల్లలకి బొమ్మలు, పిండివంటలు, ఒక సినిమా.
స్వజనం: 15,000. ఊరికి ప్రయాణం, అమ్మానాన్నలకి, అత్తమామలకి, పిన్నికి.

మీ అంకెలు వేరుగా ఉంటాయి. 5,000 అయినా ఇలాగే పంచుకోవచ్చు. ఈ లెక్కలో నాకు బాగా నచ్చింది ఏంటంటే, పేరు కోసం పెట్టే ఖర్చుకి శుక్రుడు ఒక గడి విడిగా పెట్టాడు. అది తప్పు అనలేదు. కానీ దాన్ని ధర్మం గడిలో కలపలేదు.

బలి గురువు మాట వినలేదు కదా, మరి ఈ లెక్క ఎందుకు అని మీకు డౌట్ రావచ్చు. లెక్కలో తప్పు లేదు. అది చెప్పిన సమయం దాటిపోయింది. బలి అప్పటికే మాట ఇచ్చేశాడు. ఇచ్చిన మాట తప్పడం కంటే పాపం లేదన్నాడు. తెలుగువాళ్ళం చెప్పుకునే కథలో శుక్రుడు కమండలం రంధ్రానికి అడ్డం పడి కన్ను కూడా పోగొట్టుకున్నాడు. మనకి దీని పాఠం సులువు. లెక్క వేసుకోవడం మాట ఇవ్వకముందు. "పండక్కి పదివేలు పంపిస్తానమ్మా" అని ఫోన్‌లో చెప్పేశాక, సేల్‌లో ఏదో కొన్నామని ఐదు వేలకి తగ్గించకూడదు.

మూడు రకాల దానం, మన పండగలో

గీత 17వ అధ్యాయం 20 నుంచి 22 శ్లోకాల్లో దానం మూడు రకాలని ఉంది. తిరిగి ఇవ్వలేని వాడికి, ఇవ్వడం మన బాధ్యత అనుకుని, తగిన చోట, తగిన సమయంలో ఇచ్చేది సాత్త్వికం. తిరిగి ఏదో వస్తుందని గానీ, మనసులో ఏడుస్తూ గానీ ఇచ్చేది రాజసం. చోటూ సమయం చూడకుండా, అగౌరవంగా, చులకన చేస్తూ ఇచ్చేది తామసం.

ఇప్పుడు మన పండగ చూద్దాం. వాళ్ళు మనకి రెండు వేల చీర పెట్టారు కాబట్టి మనం రెండున్నర వేలది పెట్టాలి అనేది రాజసం. ఇది మహాపాపమేమీ కాదు, బంధుత్వంలో ఇచ్చిపుచ్చుకోవడాలు ఉంటాయి. కానీ దీన్ని దానం అని లెక్కేసుకోకండి. చిరిగిన బట్టలు, రెండు రోజుల క్రితం కూర పనిచేసే ఆవిడ చేతిలో పెట్టి "పండక్కి ఇచ్చాం" అనుకుంటే అది తామసం. అదే ఆవిడకి మన ఇంట్లో వాళ్ళకి కొన్న షాపులోనే ఒక చీర కొని, ముందు రోజే, కూర్చోబెట్టి బొట్టు పెట్టి ఇస్తే, అందులో గౌరవం ఉంది.

శ్రద్ధతో ఇవ్వాలి, వినయంతో ఇవ్వాలి అని తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో చదువు పూర్తయిన శిష్యుడికి గురువు చెప్తాడు. గమనించండి, ఇది చదువైపోయి ఇంటికి వెళ్తున్న కుర్రాడికి చెప్పిన మాట. మన భాషలో చెప్పాలంటే మొదటి జీతం అందుకోబోయే వాడికి చెప్పింది.

దానం కంటే ముందు బాకీ

సంక్రాంతి కోతల పండగ. పాత రోజుల్లో కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడే కుమ్మరికి, వడ్రంగికి, కమ్మరికి, బట్టలు ఉతికేవాళ్ళకి వాళ్ళ వంతు ఇచ్చేవాళ్ళు. దాన్ని మేర అనేవాళ్ళు. ఆ వ్యవస్థలో అన్యాయాలు ఉన్నాయి, అది తిరిగి రావాలని ఎవరూ అనడం లేదు. కానీ అందులో ఒక విషయం నేర్చుకోవచ్చు. మేర దానం కాదు, ఏడాదంతా చేసిన పనికి కూలి. మన ఇంటికి గింజ రాకముందే అది వెళ్ళాలి.

కాబట్టి అన్నదానానికి రాయించే ముందు ఒకసారి చూసుకోండి. పనిచేసే ఆవిడ జీతం ఆగి ఉందా? ఇస్త్రీ ఆయన లెక్క ఎన్ని వారాలుగా ఉంది? ఫ్రెండ్ దగ్గర తీసుకున్నది ఇచ్చేశామా? ఇవన్నీ తీరాక మిగిలిందాంట్లోంచి ఇచ్చేదే దానం.

అప్పు దగ్గరికి వస్తే, "స్వామివారే కుబేరుడి దగ్గర అప్పు చేసి పెళ్ళి చేసుకున్నారు, మనమెంత?" అని నవ్వుతూ ఈఎంఐలో టీవీ కొనేవాళ్ళు ఉన్నారు. ఆ కథలో మనం మర్చిపోయే భాగం ఏంటంటే, స్వామి ఆ అప్పుకి ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడని భక్తులు చెప్పుకుంటారు. పద్మావతీ పరిణయం కోసం చేసిన అప్పే యుగమంతా కట్టాల్సి వస్తే, పండగ సేల్‌లో క్రెడిట్ కార్డ్ మీద గీకింది ఎన్ని నెలలు కట్టాలో ముందే చూసుకోవాలి.

కోరికలు ఉండకూడదా?

ఉండొచ్చు. ధర్మానికి విరుద్ధం కాని కామం తానేనని గీత 7వ అధ్యాయం 11వ శ్లోకంలో కృష్ణుడే చెప్పాడు. కొత్త అరిసెల వాసన, పిల్లలకి కొత్త బట్టలు, పండక్కి కొత్త అల్లుడు రావడం, ఇవన్నీ సంతోషాలు. వాటిని చూసి మొహం చిట్లించడం ఆధ్యాత్మికత కాదు. 16వ అధ్యాయంలో కృష్ణుడు తప్పు పట్టింది వేరే దాన్ని. ఇది సంపాదించాను, ఇక అది కూడా సంపాదిస్తాను అని ఎక్కడా ఆగని మనసుని అసుర స్వభావం అన్నాడు. షాపింగ్ యాప్‌లో విష్ లిస్ట్ చూస్తే ఆ మనసు ఎలా ఉంటుందో మనకి తెలుస్తుంది.

మన పండగలోనే దీనికి మందు ఉంది. భోగిపళ్ళు చూడండి. రేగుపళ్ళు, పూల రేకులు, చెరుకు ముక్కలు, చిల్లర డబ్బులు. పిల్లల తల మీద పోస్తాం. కింద పడ్డవి చుట్టూ ఉన్న పిల్లలందరూ ఏరుకుంటారు. ఒక బిడ్డకి దిష్టి తీసే వేడుకలోనే పదిమంది పిల్లలకి పంచడం కలిసిపోయింది. హరిదాసు తల మీద అక్షయపాత్రలో బియ్యం వెయ్యమని మనం పిల్లల చేతికే గుప్పెడు ఇచ్చేవాళ్ళం. కనుమ రోజు పశువులకి పూజ చేస్తాం. పిచ్చుకల కోసం చూరుకి వరికంకుల కుచ్చు కడతాం. సంక్రాంతి రోజు పితృదేవతలకి తర్పణం వదులుతాం. తినే ముందు ఎవరెవరికి పెట్టాలో పండగే వరసగా గుర్తుచేస్తుంది.

అపార్ట్‌మెంట్లలో హరిదాసు గేటు దాటి రాలేకపోతున్నాడు. వాచ్‌మన్‌కి ఒక్క మాట చెప్తే చాలు, ఆయన లోపలికి వస్తాడు. మీ పిల్లలు బియ్యం వేస్తారు.

ఈ వారం చెయ్యాల్సినవి

1. ఇంట్లో అందరూ ఒక పూట కూర్చోండి. పండగకి మొత్తం ఎంత అన్నది ముందు తేల్చండి. ఐదు గడులు ఒక కాగితం మీద గీయండి.
2. బాకీలు ముందు తీర్చండి.
3. ప్రతి ఒక్కరికీ, అమ్మకీ నానమ్మకీ పిల్లలకీ కూడా, చిన్నదైనా సొంత వాటా ఇవ్వండి. దానితో ఏం చేశారని అడగొద్దు. ఎనిమిదేళ్ళ పాప తన 200 రూపాయల్లో 20 ఎవరికైనా ఇస్తే, మీరు ఆమె పేరు మీద ఇచ్చే 2,000 కంటే అది ఆమెకి ఎక్కువ నేర్పుతుంది.
4. ఖర్చు తగ్గించాల్సి వస్తే మొదటి కోత మీ వస్తువు మీద వెయ్యండి. తర్వాతే ఇంకొకరిని అడగండి. ఆదేశించొద్దు, అడగండి.
5. ఒక దానం ఎవరికీ చెప్పకుండా చెయ్యండి. స్టేటస్‌లో పెట్టకండి.

ఇంట్లో కలిసి మాట్లాడుకోవడానికి ప్రశ్నలు

మన ఇంట్లో డబ్బు విషయంలో ఎవరి మాట అసలు వినపడదు?
పోయిన పండక్కి మనం ఇచ్చిన వాటిల్లో ఏది సాత్త్వికం, ఏది రాజసం?
నేను "పొదుపు" అని చెప్తున్నది నా ఖర్చు గురించా, ఇంకొకరి ఖర్చు గురించా?
బ్రాహ్మణుడి కోడలి స్థానంలో నేనుంటే నా వాటా ఇచ్చేవాణ్ణా, ఇచ్చేదాన్నా?

చివరి ప్రశ్నకి "ఇవ్వను" అనే జవాబు వచ్చినా ఎవరినీ తిట్టకండి. ఆ కథలో కూడా ఎవరూ ఎవరినీ బలవంతం చెయ్యలేదు. మనసుతో ఇచ్చింది కాబట్టే ఆ కాస్త పిండి మహాయాగాన్ని మించింది. పాప ఈ ఏడు 20 రూపాయలు ఇవ్వకపోతే వచ్చే ఏడు ఇస్తుంది. ముందు ఆమెకి ఇవ్వడానికి తనదంటూ ఏదైనా ఉండాలి. ఇచ్చేవాళ్ళు ఎలా ఉంటారో ఇంట్లో చూడాలి.

ఈ సంక్రాంతికి మీ ఇంట్లో ఎవరూ మొహం ముడుచుకోకుండా, అందరి చెయ్యీ ఇచ్చే చెయ్యిగా ఉండాలని కోరుకుంటూ, మీ అందరికీ ముందుగా భోగి, సంక్రాంతి, కనుమ శుభాకాంక్షలు.

శుభం.